ఆర్కిటిక్‌లో డైవింగ్‌కి వెళ్లి కొండలెందుకు ఎక్కాం?

(విశాఖపట్నంలో డిగ్రీ, పీజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్లకి వినబడుతోందా? వినబడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను. సరే.

ఆర్కిటిక్ వెళ్లొచ్చానని తెలిస్తే ఎవరైనా ముందు చలి గురించి అడుగుతారు. తర్వాత తెల్ల ఎలుగుబంట్ల గురించి అడుగుతారు. ఫొటోలు చూసినవాళ్లు మాత్రం ఇంకోటి అడుగుతారు. "మీరు వెళ్లింది సముద్రంలో దిగడానికి కదా, ఈ ఫొటోల్లో సగం కొండల మీదే ఉన్నారేంటండీ?" అని. ఇవాళ ఆ ఒక్క ప్రశ్నకే జవాబు చెప్తాను. కొండలెక్కడంలో సరదా ఉంది, కాదనను. కానీ ఆ కొండలు ఎక్కి ఉండకపోతే, నీళ్ల కింద నేను చూసినదాంట్లో సగం నాకు అర్థమయ్యేది కాదు. సముద్రం చదువుకునే మీకు ఈ మాట ముఖ్యంగా చెప్పాలనే వచ్చాను.

ముందు చోటు ఎక్కడో చెప్తాను. నార్వేకి ఉత్తరాన, ఇంకా చాలా ఉత్తరాన, స్వాల్‌బార్డ్ అనే దీవుల గుంపు ఉంది. దాంట్లో పెద్ద దీవి స్పిట్స్‌బెర్గెన్. దాని పడమటి తీరాన కాంగ్స్‌ఫియోర్డెన్ అనే ఫియోర్డ్. ఫియోర్డ్ అంటే ఒకప్పుడు హిమానీనదం తొలిచేసిన లోయలోకి సముద్రం వచ్చి కూర్చున్నది. ఆ ఫియోర్డ్ ఒడ్డున నీ-ఓలెసుండ్ అనే చిన్న ఊరు. దాదాపు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం. చలికాలంలో ముప్పై నలభై మంది ఉంటారు, వేసవిలో వంద దాటుతారు. అందరూ శాస్త్రవేత్తలు, లేదా ఆ ఊరిని నడిపేవాళ్లు.

ఒకప్పుడు అది బొగ్గు గనుల ఊరు. 1962 నవంబర్‌లో గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే గనులు మూసేశారు. తర్వాత ఆ ఊరు మెల్లగా పరిశోధన కేంద్రంగా మారింది. మన దేశానికి కూడా అక్కడ ఇల్లుంది, తెలుసు కదా? హిమాద్రి. 2008 జులై 1న మొదలైంది. గోవాలో ఉన్న జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం దాన్ని నడుపుతుంది. ఫియోర్డ్ నీళ్లలో 2014లో ఇండార్క్ అనే మూరింగ్ కూడా మనవాళ్లే వేశారు. అంటే తాడుకి పరికరాలు కట్టి నీళ్లలో నిలబెట్టడం. అది ఏడాది పొడవునా నీటి వేడి, ఉప్పదనం లాంటివి కొలుస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. స్వాల్‌బార్డ్ మీద 1920లో పారిస్‌లో జరిగిన ఒప్పందం మీద సంతకం చేసిన దేశాల్లో ఇండియా కూడా ఉంది. అప్పటికి బ్రిటిష్ పాలన, అయినా సంతకం సంతకమే.

ఆ ఊళ్లో కొన్ని పద్ధతులు ఉన్నాయి. ఏ ఇంటి తలుపుకీ తాళం వేయరు. ఎలుగుబంటి కనిపిస్తే ఎవరైనా దగ్గర్లో ఉన్న ఏ ఇంట్లోకైనా దూరిపోవాలి, అందుకని. ఇంకోటి, వైఫై, బ్లూటూత్ అన్నీ ఆపేయాలి. అక్కడ చాలా దూరపు గెలాక్సీల నుంచి వచ్చే రేడియో సంకేతాల్ని పట్టుకుని భూమి కదలికల్ని కొలిచే పెద్ద యాంటెనాలున్నాయి. మన ఫోను చేసే చప్పుడు వాటికి అడ్డం. ఆ యాంటెనాలకి ఎంత దూరం నుంచి వచ్చే సంకేతాలు కావాలో ఆలోచించండి, అప్పుడు మన జేబులో ఫోను వాటికి ఎంత పెద్ద అరుపో తెలుస్తుంది. ఊరు దాటి బయటికి వెళ్లాలంటే తుపాకీ పట్టుకుని వెళ్లాలి. అది కాల్చడంలో ముందే శిక్షణ తీసుకోవాలి. ఎలుగుబంటిని చంపడానికి కాదు. ముందు దాన్ని చూసి పక్కకి తప్పుకోవాలి, తర్వాత మంటల పిస్తోలుతో బెదిరించాలి, తుపాకీ ఆఖరి దారి. డైవింగ్ చేసేటప్పుడు కూడా ఒకరు నీళ్ల వైపు చూడకుండా ఒడ్డు వైపే చూస్తూ ఉంటారు, ఎలుగుబంటి కాపలా. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు, చలికి కదలకుండా నిలబడాలి. కానీ వంతులవారీగా అందరూ చేస్తారు.

ఇక డైవింగ్. మేం దిగింది చేపల కోసం కాదు, కెల్ప్ కోసం. కెల్ప్ అంటే పెద్ద సైజు సముద్రపు నాచు. మన తీరంలో రాళ్ల మీద మీరు చూసే సర్గాసమ్ కంటే చాలా పెద్దవి, గోధుమ రంగులో ఉంటాయి, రాయిని గట్టిగా పట్టుకుని నిలబడతాయి. ఫియోర్డ్ మధ్యలో బ్లోమ్‌స్ట్రాండ్ అనే దీవి ఉంది. దాని పడమటి ఒడ్డున హాన్స్‌నెసెట్ అనే చోట కెల్ప్ అడవే ఉంది. అడవి అన్నది ఊరికే అనలేదు. ఆ ఆకుల మధ్య చిన్న చేపలు, పీతలు, నత్తలు, నక్షత్ర చేపలు కాపురం ఉంటాయి.

మేం చేసే పని చూసేవాళ్లకి చాలా మామూలుగా ఉంటుంది. చతురస్రంగా ఉన్న ఒక ఫ్రేము నేల మీద పెడతాం. దాంట్లో ఉన్న కెల్ప్ అంతా మొదలంటా కోసి వల సంచీలో వేస్తాం. పైకి తెచ్చి తూకం వేస్తాం, కొలుస్తాం. కొన్ని రకాల్లో కాండాన్ని అడ్డంగా కోస్తే వలయాలుంటాయి, వాటిని లెక్కపెట్టి వయసు చెప్పొచ్చు. ఇలా రెండున్నర మీటర్ల లోతులో, 5 మీటర్లలో, 10లో, 15లో, లోతు మారిన ప్రతిసారీ చేస్తాం. నీళ్లు వేసవిలో కూడా 4, 5 డిగ్రీలే. డ్రై సూట్ వేసుకుంటాం, లోపల ఒంటికి నీరు తగలదు. ముందు ఓడిపోయేది చేతులు. వేళ్లు మొద్దుబారాక కత్తి పట్టుకోవడం, ముడి వేయడం అన్నీ కష్టమే. గాలి తీసుకునే రెగ్యులేటర్ లోపల కూడా మంచు గడ్డకట్టి, గాలి ఆగకుండా బుసబుసా పోవడం మొదలెట్టే ప్రమాదం ఉంది. అందుకని రెండు విడివిడి రెగ్యులేటర్లు ఉంచుకుంటాం. దిగినవాడికి ఒక తాడు కడతారు, దాని రెండో కొస పైన పడవలో ఒకరి చేతిలో ఉంటుంది. ఇంకొకరు సూట్ వేసుకుని దూకడానికి సిద్ధంగా కూర్చుంటారు. ఇంత తతంగం ఎందుకంటారా? పెద్ద ఆసుపత్రి ఉన్న ట్రోమ్సో ఊరు అక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైనే, మధ్యలో అంతా సముద్రం.

నాకు ఆశ్చర్యం కలిగించింది చలి కాదు. అది ముందే తెలుసు, సిద్ధపడి వెళ్లాం. నన్ను కంగారుపెట్టింది చీకటి. జులై నెల, పైన రాత్రి పన్నెండింటికి కూడా ఎండ. ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు చివరి దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. అలాంటి ఎండలో నీళ్లలోకి దిగితే, కొన్ని రోజులు మొదటి రెండు మూడు మీటర్లు ఏమీ కనబడేది కాదు. బురద నీరు. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. ఆ పొర దాటి కిందికి వెళ్తే నీరు అద్దంలా ఉండేది, కానీ వెలుతురు లేదు. టార్చి వేసుకోవాల్సిందే. పైన పట్టపగలు, కింద సాయంత్రం. ఇంకో రోజు అదే చోట దిగితే ఆ బురద పొరే ఉండదు, పైనుంచి కింద దాకా వెలుగే. ఎందుకిలా? ఏ రోజు ఎలా ఉంటుందో పడవలో కూర్చుని చూస్తే తెలిసేది కాదు. నీటి మట్టం దగ్గర నుంచి చూస్తే నీరంతా ఒకేలా, బూడిద రంగులో కనిపిస్తుంది.

దీనికి జవాబు కొండ మీద దొరికింది. కానీ కొండ ఎక్కడానికి ముందు ఒక చిక్కుంది. అది మీలో డైవింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు జాగ్రత్తగా వినాలి.

నీళ్లలో పది మీటర్లు దిగిన ప్రతిసారీ ఒంటి మీద ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఇరవై మీటర్ల లోతులో ఉన్నామంటే పైన ఉన్నదానికి మూడు రెట్లు. ఆ పీడనంలో మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరిగిపోతుంది. మెల్లగా పైకి వస్తే మెల్లగా ఊపిరితో బయటికి పోతుంది. తొందరపడితే ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పులతో మొదలై పక్షవాతం దాకా వెళ్లొచ్చు. దీన్ని డీకంప్రెషన్ జబ్బు అంటాం. నీళ్లలోంచి బయటికి వచ్చేశాం కదా, ఇక అయిపోయింది అనుకుంటారు చాలామంది. అయిపోలేదు. పైకి వచ్చాక కూడా గంటల తరబడి ఆ నైట్రోజన్ ఒంట్లోంచి బయటికి పోతూనే ఉంటుంది. అప్పుడు మనం ఇంకా పైకి, కొండ మీదికి వెళ్తే ఏమవుతుంది? గాలి పీడనం ఇంకా తగ్గుతుంది. నీళ్లలోంచి ఇంకాస్త పైకి లేచినట్టే లెక్క.

విమానం ఎక్కేవాళ్ల కోసం డైవర్ల భద్రతా సంస్థలు చెప్పే లెక్క ఉంది. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు ఆగాలి, రోజుకి ఎక్కువసార్లో వరసగా కొన్ని రోజులో దిగితే 18 గంటలు, నీళ్లలో మధ్యలో ఆగుతూ రావాల్సిన లోతైన డైవ్ అయితే ఇంకా ఎక్కువ. మేం ఎక్కిన జెప్పెలిన్ కొండ ఎత్తు 556 మీటర్లు. విమానంతో పోలిస్తే తక్కువే, పీడనం ఆరేడు శాతం తగ్గుతుంది అంతే. కానీ కొండ ఎక్కడమంటే విమానంలో కూర్చోవడం కాదు. గుండె కొట్టుకుంటుంది, కండరాలు కష్టపడతాయి, చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గుతుంది. డైవ్ చేసిన వెంటనే ఒళ్లు అలిసేలా పని చేస్తే బుడగలు కట్టే అవకాశం పెరుగుతుంది. అందుకే మా జట్టులో నియమం పెట్టుకున్నాం. దిగిన రోజు కొండ లేదు, ఎంత మంచి వాతావరణం ఉన్నా లేదు. డైవింగ్‌కి సెలవు ఇచ్చిన రోజున, విమానం లెక్క ప్రకారమే గంటలు గడిచాకే కొండ. తిరుగు ప్రయాణానికి చిన్న విమానం ఎక్కాలి కాబట్టి దానికి ముందు కూడా ఇదే లెక్క.

కొండ ఎక్కి వచ్చి వెంటనే దిగొచ్చా మరి? అదీ మంచిది కాదు. అలిసిన ఒంటితో, నీళ్లు తాగకుండా, చెమటతో తడిసిన లోబట్టలతో డ్రై సూట్ వేసుకుంటే చలి రెండింతలవుతుంది. ఏ సూట్ వేసుకున్నా లోపల తడి ఉంటే అది పని చేయదు. కొండ మీద కూడా అంతే. అక్కడ చలికి భయపడి అన్నీ వేసుకుని బయల్దేరితే సగం దూరంలోనే చెమట పడుతుంది. పైకెళ్లి ఆగగానే ఆ చెమటే మనల్ని వణికిస్తుంది. కొంచెం చలేస్తుండగానే నడక మొదలెట్టాలి, ఆగినప్పుడు తొడుక్కోవాలి. పాత డైవర్లు ఇది నాకు మొదటి రోజే చెప్పారు.

ఇక జెప్పెలిన్ కొండ. ఊరికి దక్షిణాన గోడలా నిలబడి ఉంటుంది. 1910లో జర్మనీ నుంచి కౌంట్ జెప్పెలిన్, గాలిపడవలు (ఎయిర్‌షిప్‌లు) తయారుచేసిన ఆయన, ఇక్కడికి వచ్చాడు, ఆయన పేరే పెట్టారు. ఊరి పక్కన ఇప్పటికీ గాలిపడవల్ని కట్టేందుకు వేసిన ఒక ఇనుప స్తంభం ఉంది. 1926 మే 11న ధ్రువ యాత్రికులు అముండ్సెన్, నోబిలె, ఎల్స్‌వర్త్‌ల జట్టు నోర్జె అనే గాలిపడవలో ఈ ఊరి నుంచే బయల్దేరి ఉత్తర ధ్రువం మీదుగా అలాస్కా చేరింది. ఆ స్తంభం పక్కనుంచి నడుస్తూ ఉంటే, నిజం చెప్తున్నాను, ఒళ్లు జలదరించింది.

ఊరు దాటగానే నేల మెత్తగా, తడిగా ఉంటుంది. కింద అంతా శాశ్వతంగా గడ్డకట్టిన నేల, పైన ఒక్క పొరే వేసవిలో కరుగుతుంది, నీరు కిందికి ఇంకదు. ఆ తడిలో నేలకి అంటుకుని పూలు. ఊదారంగు సాక్సిఫ్రేజ్, తెల్ల డ్రయాస్. విల్లో చెట్టు కూడా ఉంది, కాకపోతే అది మన బొటనవేలంత ఎత్తే పెరుగుతుంది. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు చూసుకుని వేయాలి. ఒకసారి తొక్కితే ఆ మొక్క కోలుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో. పూలు కోయడానికి వీల్లేదు. 1946కి ముందు మనిషి వదిలేసిన ఏ వస్తువునైనా, తుప్పు పట్టిన మేకునైనా, కదపడానికి వీల్లేదు. చట్టం అది.

అక్కడి నుంచి ఎక్కుడు. రాళ్లన్నీ వదులు, చలికి పగిలి జారిపడ్డ పలకలు. అడుగు వేస్తే కింద రాయి కదులుతుంది. ఒకరి వెనక ఒకరు నిట్టనిలువుగా నడవకూడదు, పైవాడి కాలికింద జారిన రాయి కిందవాడి మీదికి వస్తుంది. పొగమంచు క్షణాల్లో దిగుతుంది. పొగమంచులో ఎలుగుబంటి ఎదురైతే చూసుకునే టైమే ఉండదు కాబట్టి, ఎంత దగ్గరికి వచ్చేసినా సరే, పొగమంచు కమ్మితే వెనక్కి తిరిగేవాళ్లం. శిఖరం కనిపిస్తూ ఉండగా తిరిగి రావడం బాధే. కానీ జట్టులో తుపాకీ పట్టుకున్నవాళ్ల మాటే చివరి మాట.

వాతావరణం బాగున్న రోజున రెండు మూడు గంటల్లో పైకి చేరాం. పైన నిలబడి వెనక్కి తిరిగి చూశాను. మొత్తం ఫియోర్డ్ కాళ్ల కింద పరుచుకుని ఉంది. అప్పుడు కనిపించింది ఎరుపు. ఫియోర్డ్ లోపలి కొస ఎర్రగా ఉంది. నెత్తురెరుపు కాదు, ఇటుక పొడి కలిపినట్టు. గోదావరికి వరద వచ్చినప్పుడు అంతర్వేది దగ్గర ఆ ఎర్రనీరు సముద్రంలోకి ఎంత దూరం చొచ్చుకుపోతుందో మీలో చాలామంది చూసే ఉంటారు. అచ్చం అలాగే. నీలం నీటి మీద ఎర్రటి పొర, దాని అంచు ఎక్కడుందో గీత గీసినట్టు కనిపిస్తోంది. ఆ అంచు గాలితో, పోటుపాటులతో ఊరివైపు, బ్లోమ్‌స్ట్రాండ్ దీవి వైపు నాలుకలు చాపుతోంది.

అప్పుడర్థమైంది నాకు. ఆ రోజు నేను నీళ్లలో చెయ్యి చాపితే చెయ్యి కనబడనిది దీనివల్ల. గాలి ఇటు తిరిగిన రోజు ఆ నాలుక మా డైవింగ్ చోటు దాకా వస్తోంది, అటు తిరిగిన రోజు రావడం లేదు. పడవలో కూర్చుని చూస్తే తెలియని సంగతి 556 మీటర్ల ఎత్తు నుంచి ఒక్క చూపులో తెలిసింది. ఆ తర్వాత డైవింగ్ డైరీలో లోతు, ఉష్ణోగ్రతలతో పాటు గాలి ఎటు వీస్తోంది, అంచు ఎక్కడుంది అని కూడా రాసుకోవడం మొదలెట్టాం.

ఆ ఎరుపు ఎక్కడిది? ఫియోర్డ్ కొసన క్రోనెబ్రేన్, కాంగ్స్‌వేగెన్ అనే రెండు హిమానీనదాలు కలిసి సముద్రంలోకి దిగుతాయి. వాటి వెనక స్వెయా, నోరా, దానా అని మూడు శిఖరాలు, మంచులోంచి గోపురాల్లా లేచి ఉంటాయి. స్వీడన్, నార్వే, డెన్మార్క్‌ల పేర్లవి. ఆ ప్రాంతంలో రాళ్లు డెవోనియన్ కాలపు ఎర్ర ఇసుకరాళ్లు. దాదాపు నలభై కోట్ల ఏళ్ల నాటివి. హిమానీనదం ఆ రాళ్ల మీద జారుతూ వాటిని పిండి చేస్తుంది. కరిగిన నీరు ఆ పిండిని మోసుకుంటూ మంచు అడుగున ప్రవహించి, సముద్రంలో లోతున బయటికి వస్తుంది. మంచినీరు కదా, ఉప్పునీటి కంటే తేలిక. బయటికి రాగానే పైకి లేస్తుంది, పైన పొరలా పరుచుకుంటుంది. అందుకే మాకు పైన బురద, కింద అద్దం. లేచేటప్పుడు లోతులో ఉన్న చిన్న చిన్న జీవుల్ని కూడా పైకి తెస్తుంది. అందుకని హిమానీనదం ముఖం దగ్గర కిట్టివేక్ పిట్టలు వందల్లో మూగుతాయి, వాటికి అక్కడ భోజనం.

క్రోనెబ్రేన్ స్వాల్‌బార్డ్‌లో బాగా వేగంగా కదిలే హిమానీనదాల్లో ఒకటి. వేసవిలో రోజుకి రెండు మూడు మీటర్లు ముందుకి జారుతుంది. అయినా దాని ముఖం వెనక్కే పోతోంది, ఎందుకంటే జారేదానికంటే విరిగిపడేది, కరిగేది ఎక్కువ. కరుగు ఎక్కువైతే నీరు ఎక్కువ, నీరు ఎక్కువైతే పిండి ఎక్కువ, పిండి ఎక్కువైతే కింద వెలుతురు తక్కువ. వెలుతురు తక్కువైతే కెల్ప్ ఏం చేయాలి?

చూడండి, ఇక్కడే మా పని అంతా ఉంది. ఈ హాన్స్‌నెసెట్ చోటనే 1996 నుంచి 1998 మధ్య డైవర్లు ఇలాగే ఫ్రేములు పెట్టి, కోసి, తూచి లెక్క రాసి పెట్టారు. 2012 నుంచి 2014 మధ్య జర్మనీ వాళ్ల ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ ఆధ్వర్యంలో మళ్లీ అదే చోట, అవే లోతుల్లో చేశారు. రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే ఏం తేలింది? రెండున్నర మీటర్ల లోతులో కెల్ప్ బాగా పెరిగింది, చాలా రెట్లు. లోతులో మాత్రం కెల్ప్ తన కింది హద్దుని వదిలేసి పైకి వచ్చేసింది. అంటే కెల్ప్ అడవి మొత్తం పైకి జరిగింది.

దానికి రెండు కారణాలు కలిశాయి. ఒకటి, ఇంతకుముందు ప్రతి చలికాలం ఫియోర్డ్ మీద మంచు గడ్డకట్టేది. ఆ మంచు, తేలే మంచు దిమ్మెలు ఒడ్డు దగ్గర రాళ్లని గీకేసేవి. లోతు తక్కువ చోట కెల్ప్ బతికేది కాదు. 2006 నుంచి అట్లాంటిక్ వెచ్చని నీరు ఎక్కువగా లోపలికి రావడం మొదలై, చాలా చలికాలాల్లో అక్కడ గట్టి మంచు కట్టడమే తగ్గిపోయింది. గీకేది లేదు, కెల్ప్ పైకి పాకింది. రెండోది ఇందాక చెప్పిన ఎర్రపిండి, కింద చీకటి చేసింది, కెల్ప్ కింద ఉండలేకపోయింది. ఒక కారణం నీళ్లలో కనిపిస్తుంది. రెండో కారణం కొండ మీద నుంచే కనిపిస్తుంది. అర్థమవుతోందా నేనేమంటున్నానో?

కొండ మీద నుంచి బ్లోమ్‌స్ట్రాండ్‌ని చూపించి ఒక పెద్దాయన అన్నారు, "మ్యాపుల్లో అది చాలాకాలం ద్వీపకల్పం, హిమానీనదం దానికి నేలతో లంకె అనుకునేవాళ్లు" అని. మంచు వెనక్కి పోయేసరికి 1990లలో మధ్యలో నీరు బయటపడింది. అది దీవి అని తేలింది. మ్యాపు మార్చాల్సి వచ్చింది. హిమానీనదం కరగడం అనే మాట మనం పేపర్లో రోజూ చదువుతాం. ఆ దీవి చుట్టూ పడవలో తిరిగినప్పుడు, ఈ నీళ్లు నేను పుట్టినప్పుడు మంచు అని తెలిసినప్పుడు, అది నాకు వేరేలా తగిలింది. ఇప్పటికీ ఆ మాట చెప్తుంటే గొంతు మారుతుంది నాకు.

జెప్పెలిన్ కొండ మీదే 474 మీటర్ల ఎత్తులో ఒక గాలి పరిశోధన కేంద్రం ఉంది, తీగ మీద నడిచే చిన్న పెట్టెలో అక్కడివాళ్లు పైకి వెళ్తారు. మేం నడిచాం. చుట్టుపక్కల పొగ, ఫ్యాక్టరీ ఏదీ లేని చోటు కాబట్టి అక్కడ కొలిస్తే ఉత్తరార్ధ గోళం మొత్తం గాలి ఎలా ఉందో తెలుస్తుంది. 2012 వసంతంలో ఆర్కిటిక్ కేంద్రాల్లో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల్లో 400 భాగాలు దాటింది, ఈ కేంద్రంలో కూడా. ఒకే కొండ మీద నిలబడి తల ఎత్తితే కారణం కొలిచే గది, తల దించితే దాని ఫలితం, ఎర్రటి నీరు. అక్కడ నేను చాలాసేపు కూర్చుండిపోయాను. జట్టువాళ్లు చలేస్తోంది పదమంటే లేచాను.

ఇంకో సెలవు రోజున మిడ్ట్రె లోవెన్‌బ్రేన్ అనే చిన్న హిమానీనదం దగ్గరికి వెళ్లాం. ఊరి నుంచి నడిచే దూరమే. అది సముద్రం దాకా రాదు, నేల మీదే ఆగిపోతుంది. దీన్ని 1968 నుంచి, పక్కనున్న ఆస్ట్రె బ్రోగర్‌బ్రేన్‌ని 1967 నుంచి ఏటా కొలుస్తున్నారు, చలికాలంలో ఎంత మంచు చేరింది, వేసవిలో ఎంత పోయింది అని. దాదాపు ప్రతి ఏడాదీ నష్టమే. మంచు మీదికి ఎక్కాలంటే క్రాంపాన్లు (బూట్లకి కట్టుకునే ఇనుప పళ్లు), తాడు ఉండాలి, పగుళ్లు చూడటం తెలిసినవాళ్లు ముందుండాలి. మేం ముందున్న రాళ్ల గుట్టల మీదే తిరిగాం. ఒకప్పుడు హిమానీనదం తోసి వదిలేసిన రాళ్లు. ఇప్పటి మంచు ముఖానికీ ఆ గుట్టలకీ మధ్య ఖాళీ నడిచి దాటాలంటే ఒగర్పొస్తుంది. అంత వెనక్కి పోయింది.

దారిలో ఒడ్డుకి వరసగా మెట్లు మెట్లుగా గులకరాళ్ల దిబ్బలు. ఒక్కో మెట్టూ ఒకప్పటి సముద్రపు ఒడ్డు. మంచుయుగంలో మోసిన మంచు బరువు తగ్గాక నేల మెల్లగా పైకి లేచింది, పాత ఒడ్డులు పైన మిగిలిపోయాయి. కొన్ని చోట్ల పాత గవ్వచిప్పలు కూడా ఆ రాళ్ల మధ్య ఉంటాయి. సముద్రపు జీవులు చదివినవాళ్లకి కొండ దారిలో ఆ చిప్పలు కనబడితే కాళ్లు కదలవు.

ఇప్పుడు మీ సంగతి. ఇలాంటి పనికి ఎలా వెళ్లాలని చాలామంది మెసేజ్‌లు పెడుతున్నారు. హిమాద్రికి వెళ్లాలంటే పరిశోధన ప్రతిపాదన పంపాలి. గోవా కేంద్రం ఆ ప్రతిపాదనలు పిలుస్తుంది, వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. మొదటి భారతీయ ఆర్కిటిక్ జట్టు 2007లో వెళ్లింది. 2023 డిసెంబర్ నుంచి చలికాలంలో కూడా, సూర్యుడు రాని రోజుల్లో కూడా మనవాళ్లు అక్కడ పని చేస్తున్నారు. డైవింగ్ చేయాలంటే అది వేరే చదువు. మామూలు డైవింగ్ నేర్చుకుని, చల్లని నీళ్లలో, డ్రై సూట్‌తో, తాడుతో పని చేయడంలో విడిగా శిక్షణ పొందాలి. తొందరపడొద్దు. ఈత బాగా వస్తే చాలని అనుకోవద్దు.

కొండలెక్కడం మాత్రం ఇక్కడే మొదలుపెట్టొచ్చు. మీరు నమూనాలు తీసే చోటు ఏదైనా, దానికి పైన ఎత్తు ఎక్కడుందో చూడండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి ఎక్కి, నీటి రంగు ఎక్కడ మారుతోందో కాగితం మీద గీసుకోండి. ఏ వాగు ఏ రోజు ఏ రంగులో సముద్రంలో కలుస్తోందో మీ దగ్గర లెక్క ఉండాలి. విశాఖలో చదువుకుంటున్నారు, సముద్రం పక్కనే కొండ ఉన్న ఊరు మీది.

నా దగ్గర ఇంకా ఫొటోలున్నాయి, చివర్లో వేస్తారు. ముందు ప్రశ్నలు తీసుకుందాం. ఆ నీలం చున్నీ అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంది. అడుగమ్మా.